కృష్ణదేవిపేట దారిలో మద్యసారం: కల్లు పన్ను నుంచి ఇథనాల్ పెట్రోలు దాకా

నర్సీపట్నం నుంచి మన్యంలోకి వెళ్లే దారిలో, చెరకు పొలాలు సన్నగిల్లి కొండల వరస మొదలయ్యే చోట ఉన్న కృష్ణదేవిపేట చరిత్రను సాధారణంగా రెండు ఘట్టాలతో ముగించడం పరిపాటి. అవి 1922 ఆగస్టు 23న అల్లూరి సీతారామరాజు దళం అక్కడి పోలీసు స్టేషనుపై జరిపిన దాడి, 1924 మే నెలలో ఆయన భౌతికకాయానికి అక్కడే జరిగిన దహనం. ఈ రెండు ఘట్టాలకు వెనకా ముందూ సాగిన మరొక కథ ఆ ప్రాంతపు నిత్యజీవితానికి ఇంకా దగ్గరగా ఉన్నా, దానికి తగినంత పరిశీలన దక్కలేదు. అది మద్యసారపు కథ. జీలుగు చెట్టు నుంచి కారిన కల్లుగా, ఇప్పపూవు కాచిన సారాగా, సర్కారు ఖజానాకు అబ్కారీ ఆదాయంగా, ఇప్పుడు పెట్రోలు బంకు గొట్టంలోంచి వచ్చే ఇంధనంలో ఐదో వంతుగా, ఒకే పదార్థం నూట యాభై ఏళ్లలో ఈ దారిని అనేక రూపాల్లో దాటింది. దాని గుణం మారలేదు. దాన్ని గురించిన నిర్ణయాలు వాడేవారికి దూరంగా జరగడమూ పెద్దగా మారలేదు.

కొండవాసులకు కల్లు విలాస వస్తువు కాదు. పంట గింజలు అయిపోయి కొత్త పంట చేతికి రాని నెలల్లో జీలుగు, తాటి కల్లు ఆహారంలో భాగంగా ఉండేది. పండుగకు, పెళ్లికి, దినకర్మలకు అది తప్పనిసరి. అందువల్ల కల్లుగీతపై రంప జమీందారైన మన్సబుదారు వేసిన చిగురుపన్ను, దానికి తోడు ఇంటి అవసరానికి గీసుకునే కల్లును కూడా పాటదారుల చేతిలో పెట్టిన మద్రాసు ప్రభుత్వపు అబ్కారీ ఏర్పాటు రంప సీమలో తీవ్రమైన ఆగ్రహాన్ని రేపాయి. 1879 మార్చిలో రంపలో మొదలైన తిరుగుబాటు ఏప్రిల్ నాటికి విశాఖపట్నం జిల్లాలోని గొలుగొండ కొండలకు, జూలై నాటికి భద్రాచలం తాలూకాలోని రేకపల్లికి వ్యాపించింది. మన్సబుదారు దౌర్జన్యం, పోలీసుల వసూళ్లు, మైదాన వర్తకుల అప్పు పత్రాలు కూడా ఆ తిరుగుబాటుకు కారణాలే. అయినా వాటన్నిటినీ ప్రతి గుడిసెకూ ఒకేసారి తెలియజెప్పినది కల్లు మీది ఆంక్షే, ఎందుకంటే అప్పు పత్రం కొందరికే ఉంటుంది, జీలుగు చెట్టు అందరిదీ.

1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం ఈ వ్యవహారాన్నంతా లైసెన్సుల కిందికి తెచ్చింది. ‘అబ్కారీ’ పారసీ నుంచి వచ్చిన మాట. మత్తు పానీయాల తయారీ, అమ్మకం, వాటిపై సుంకం అన్నీ అందులో ఇమిడి ఉన్నాయి. సీతారామరాజు మన్యంలో తొలి దినాల్లో చేసిన ప్రచారంలో మద్యపాన నిషేధం, ఖద్దరు, పంచాయతీల ద్వారా తగవుల పరిష్కారం ముఖ్యాంశాలు కావడాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. కల్లు మానడమంటే వ్యక్తి శీలం చక్కబడడం ఒక్కటే కాదు, సర్కారుకు కట్టే సుంకాన్ని మానుకోవడం కూడా. ఆయన ఉద్యమానికి తక్షణ కారణమైన నర్సీపట్నం–చింతపల్లి రోడ్డు నిర్మాణం కూడా ఈ కథకు అవసరమే. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చాలీచాలని కూలితో, వెట్టితో కొండవాసుల చేత వేయించిన ఆ రోడ్డు మీదుగానే తరువాతి కాలంలో మోటారు బండ్లు, వాటి వెంట పెట్రోలు డబ్బాలు కొండ ఎక్కాయి.

మద్యసారంతో ఇంజను నడపవచ్చన్న ఆలోచన ఇథనాల్ అనే పేరు పత్రికల్లో కనిపించడానికి చాలా ముందటిది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇప్పపూవు సామ్రాజ్య పాలకుల దృష్టిలో పడింది. ఎండిన పువ్వు బరువులో సుమారు సగం చక్కెరలే ఉంటాయి. ఒక టన్ను పువ్వు నుంచి 95 శాతం గాఢత గల మద్యసారం 90 గ్యాలన్లు, అంటే దాదాపు 400 లీటర్లు తీయవచ్చని ఆనాటి అంచనా. నిజాం రాజ్యంలోని ఇప్పచెట్ల నుంచి స్థానిక సారా అవసరాలు పోగా ఏటా 7 లక్షల గ్యాలన్ల ప్రూఫ్ స్పిరిటు (ఆనాటి సుంకపు లెక్కలో దాదాపు సగం మద్యసారం, సగం నీరు గల ద్రవం) లభించగలదని, దాన్ని మోటారు ఇంధనంగా మార్చడమే లాభదాయకమని లండనులోని ఇంపీరియల్ ఇన్‌స్టిట్యూట్ సూచించింది. గోండులు, కోయలు, కొండదొరలు కుండలో కాచుకుంటే నేరమైన పదార్థమే మోటారు ట్యాంకులో పోస్తే దేశసంపదగా లెక్కకు వచ్చింది.

ఆ ప్రతిపాదన విస్తృతంగా అమలు కాలేదు గాని, చక్కెర మిల్లులు పెరిగిన కొద్దీ ఇప్పపూవు స్థానాన్ని మొలాసిస్ ఆక్రమించింది. చెరకు రసం నుంచి పంచదార గింజలు వేరు చేశాక మిగిలే నల్లని, చిక్కని మడ్డిని మొలాసిస్ అంటారు. దాన్ని పులియబెట్టి, బట్టీ పట్టి, నీరు పూర్తిగా తీసివేసిన మద్యసారాన్ని ఆ కాలంలో ‘పవర్ ఆల్కహాల్’ అన్నారు. బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారానికి తోడుగా పవర్ ఆల్కహాల్ తయారీ నడిచింది. మైసూరు, సంయుక్త రాష్ట్రాలు, బీహారు తమ తమ చట్టాలు చేసుకున్నాయి. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే, 1948లో, భారత పవర్ ఆల్కహాల్ చట్టం వచ్చింది. పెట్రోలు చవకగా దొరికిన దశాబ్దాల్లో అది క్రమంగా మరుగున పడి 2000లో రద్దయింది. ఇథనాల్ కలపడం పూర్తిగా కొత్త ప్రయోగమన్న అభిప్రాయానికి ఈ అర్ధశతాబ్దపు మరుపే కారణం.

నర్సీపట్నానికి దిగువన ఉన్న చెరకు సీమ ఈ కథలో విచిత్రమైన స్థానంలో ఉంది. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోనే పేరెన్నికగన్నది. అక్కడి చెరకు పరిశోధనా కేంద్రం ఇరవయ్యో శతాబ్దపు రెండో దశకం నుంచి పనిచేస్తోంది. లక్క బొమ్మలకు ప్రసిద్ధమైన ఏటికొప్పాకలో 1930ల నాటికే రైతుల సహకార చక్కెర మిల్లు వెలసింది. అయితే బెల్లం వండేటప్పుడు రసమంతా పెనంలోనే దగ్గరకు వస్తుంది కాబట్టి, పంచదార తీసినట్టుగా మొలాసిస్ వేరుపడదు. బెల్లంగా మారిన చెరకు అధికారిక డిస్టిలరీలకు ఏమీ ఇవ్వదన్నమాట. కాని రంగు చెడిన నల్లబెల్లం మరొక దారిలో సారాగా మారేది, అందుకే నల్లబెల్లం, పటిక అమ్మకాలపై ఎక్సైజు శాఖ నిఘా ఈ ప్రాంతపు వర్తకులకు సుపరిచితం. తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ సహకార మిల్లులు ఇటీవలి సంవత్సరాల్లో గానుగ ఆపాయి. దేశమంతటా ఇథనాల్‌కు గిరాకీ అత్యధికంగా ఉన్న కాలంలోనే ఇక్కడి రైతు చెరకు వదిలి సరుగుడు వైపు చూడవలసి రావడం విచారకరం.

ఇంధనంలో ఇతర పదార్థాలు కలిపే అలవాటుకు మరొక వంశం కూడా ఉంది. పెట్రోలు, గాలి మిశ్రమం నిప్పురవ్వ కోసం ఆగకుండా ఒత్తిడికే మండిపోతే సిలిండరులో సుత్తి దెబ్బల వంటి శబ్దం వస్తుంది. దాన్ని నాకింగ్ అంటారు, దాన్ని తట్టుకునే శక్తికి కొలమానం ఆక్టేన్ సంఖ్య. 1921 డిసెంబరులో అమెరికాలోని జనరల్ మోటార్స్ ప్రయోగశాలలో థామస్ మిడ్జ్‌లీ అతి కొద్ది మోతాదులో టెట్రాఎథిల్ లెడ్ అనే సీసపు సమ్మేళనం కలిపితే నాకింగ్ ఆగుతుందని కనుగొన్నాడు. మద్యసారం కూడా అదే పని చేస్తుందని ఆ బృందానికి తెలుసు. అయినా మద్యసారం ఎవరైనా తయారు చేసుకోగలిగినది, సీసపు సమ్మేళనం పేటెంటుకు లొంగేది. పైగా లీటరుకు చిటికెడు చాలు. లోకం సీసాన్నే ఎంచుకుంది, దాని విషాన్ని పిల్లల రక్తంలో దశాబ్దాల పాటు మోసింది. భారతదేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000 ఫిబ్రవరి 1 నుంచి నిలిచిపోయింది. ఆ మరుసటి ఏడాదే మహారాష్ట్రలోని మీరజ్, మన్మాడ్‌లలోను, ఉత్తరప్రదేశ్‌లోను ఇథనాల్ మిశ్రమపు ప్రయోగాలు మొదలయ్యాయి. 2003 జనవరి నుంచి తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతం మిశ్రమాన్ని అమలు చేయాలని నిర్ణయించినప్పుడు ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్ ఉంది. సరఫరా లేక కొంతకాలం కుంటుపడిన ఆ పథకం 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానంతో ఊపందుకుని, 2022 జూన్‌లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది.

బంకుకు వచ్చేవాటిలో ఇటువంటి మార్పుకు అతి తక్కువ సన్నద్ధత గలవి చిన్న ఇంజన్లు. చిన్న ఇంజన్లంటే టీవీఎస్ మోపెడ్లు, పాత మోటారు సైకిళ్లు, చీడమందు కొట్టే తైవాన్ స్ప్రేయర్లు, గడ్డి కోసే బ్రష్ కట్టర్లు, దుంగలు కోసే రంపం మిషన్లు, చిన్న జనరేటర్లు. వీటిలో అత్యధిక భాగం కార్బొరేటరుతో నడుస్తాయి. కార్బొరేటరు ఆలోచించే యంత్రం కాదు. జెట్ అనే ఇత్తడి ముక్కలో తొలిచిన సన్నని రంధ్రం గుండా ఎంత ద్రవం పీలిస్తే అంతే గాలితో కలుస్తుంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఒక కిలో ఇథనాల్‌కు సుమారు 9 కిలోలు చాలు, ఎందుకంటే ఇథనాల్ అణువులోనే కొంత ఆక్సిజన్ ఉంది. కాబట్టి పాత జెట్ గుండా 20 శాతం మిశ్రమం వెళ్లినప్పుడు గాలి పాలు అవసరానికి మించి, మిశ్రమం పలచబడుతుంది. ఆక్సిజన్ సెన్సరు గల కొత్త బండి ఈ తేడాను కనిపెట్టి ఇంధనం పెంచుకుంటుంది. కార్బొరేటరుకు ఆ వీలు లేదు. పలచని మిశ్రమంతో ఇంజను వేడెక్కుతుంది, చలికి స్టార్టు కావడానికి చోక్ ఎక్కువసేపు లాగవలసి వస్తుంది. ఇక్కడ కొండకూ మైదానానికీ మధ్య ఒక తేడాను గమనించాలి. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున్న లంబసింగి వద్ద గాలి పలచగా ఉంటుంది కాబట్టి అదే జెట్ అక్కడ కొంత చిక్కని మిశ్రమాన్ని ఇస్తుంది. ఇథనాల్ తెచ్చిన పలచదనాన్ని ఎత్తు కొంత సరిచేస్తుంది. అదే బండి ఘాటు దిగి వేసవి ఎండలో నర్సీపట్నం చేరినప్పుడు ఆ వెసులుబాటు పోతుంది.

ఖర్చు విషయం దీనికి అనుబంధం. లీటరు ఇథనాల్‌లోని శక్తి లీటరు పెట్రోలులోని శక్తిలో సుమారు మూడింట రెండు వంతులే. పాత ఇంధనానికి రూపొందించి 10 శాతానికి సర్దిన వాహనాలు 20 శాతం మిశ్రమంతో నడిస్తే ద్విచక్ర వాహనాల్లో 3–4 శాతం, కార్లలో 6–7 శాతం మైలేజీ తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ వెలువరించిన నివేదిక పేర్కొంది. ఆ అంకెలు కార్లకూ ద్విచక్ర వాహనాలకూ చెందినవి. భుజాన మోసే స్ప్రేయరును దృష్టిలో పెట్టుకున్నవి కావు. స్ప్రేయరు సమస్య మైలేజీ కాదు, నిల్వ. బండి రోజూ నడుస్తుంది, ట్యాంకు రోజూ ఖాళీ అవుతుంది. స్ప్రేయరు పంట కాలంలో నెల రోజులు పనిచేసి, అడుగున పావు లీటరు పెట్రోలుతో మిగతా ఏడాది పాకలో పడి ఉంటుంది.

నిల్వ ఉన్న మిశ్రమంలో జరిగేదానికి మూలం మద్యసారపు పాత స్వభావమే. సారా కాచే కుండలో ఎంత నేర్పుగా ఆవిరి పట్టినా మద్యసారం గాఢత సుమారు 95 శాతం దగ్గర ఆగిపోతుంది. మిగిలిన నీటిని అది మామూలు బట్టీతో వదలదు. పెట్రోలులో కలిపే ఇథనాల్ 99.5 శాతానికి పైగా ఉండాలి కాబట్టి ఫ్యాక్టరీలో జల్లెడ వంటి సూక్ష్మ రంధ్రాలున్న ఖనిజపు గుళికల గుండా ఆవిరిని పంపి ఆ చివరి నీటిని బలవంతంగా లాగుతారు. అలా పోగొట్టుకున్న నీటిని అది మళ్లీ వెతుక్కుంటుంది. 10 శాతం మిశ్రమం 15 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 5 మిల్లీలీటర్ల నీటిని, అంటే ఒక చెంచాడు నీటిని, కంటికి కనబడకుండా తనలో దాచుకోగలదు. ఆ హద్దు దాటితే నీరూ మద్యసారమూ జట్టుకట్టి పెట్రోలును విడిచి అడుగుకు దిగుతాయి. 20 శాతం మిశ్రమానికి ఆ హద్దు మరికొంత ఎక్కువ. అయితే చల్లబడిన కొద్దీ ఏ మిశ్రమానికైనా ఆ హద్దు తగ్గుతుంది. మైదానంలో పట్టినప్పుడు తేటగా ఉన్న పెట్రోలు, నీటి అంశ హద్దుకు దగ్గరగా ఉంటే, డిసెంబరు తెల్లవారుజామున లంబసింగి మంచులో రెండు పొరలుగా విడిపోవడానికి ఇదే కారణం. గాలిలోని తేమ ఒక్కటే మూసిన ట్యాంకులో ఇంత పని చేయడానికి చాలా కాలం పడుతుంది. మూత సరిగా లేని డబ్బా, వాన చినుకు, సగం ఖాళీ ట్యాంకు గోడలకు రాత్రి పట్టే చెమ్మ దానికన్నా పెద్ద దోషులు. బంకు లేని కొండ గ్రామాల్లో కిరాణా కొట్టు ముందు ప్లాస్టిక్ సీసాల్లో వరసగా పెట్టి అమ్మే పెట్రోలుకు ఈ ప్రమాదాలన్నీ వర్తిస్తాయి.

టూ స్ట్రోక్ ఇంజనుకు ఈ విడిపోవడం ప్రాణాంతకం. అటువంటి ఇంజనులో వేరే నూనె గది ఉండదు. పెట్రోలులో కలిపిన ఆయిలే పిస్టనుకు, బేరింగులకు జిడ్డునిస్తుంది. పొరలు విడినప్పుడు ఆయిల్ పైనున్న పెట్రోలుతోనే ఉండిపోతుంది, ఇంధనపు గొట్టం మాత్రం అడుగు నుంచి పీలుస్తుంది. జిడ్డు లేని మద్యసారం, నీరు సిలిండరులోకి వెళ్తాయి. ఇంజను ఒకవేళ స్టార్టయినా కొద్ది నిమిషాల్లో పిస్టను గీతలు పడి పట్టేస్తుంది. ఆయిల్ సరిగా కలపలేదని యజమానిని, నాసిరకం ఆయిలని కొట్టును, పనితనం లేదని మెకానిక్కును తప్పుపట్టే తగవుల్లో అసలు కారణం సీసా అడుగున ఉండవచ్చు.

లోహం, రబ్బరు విషయాలు నిదానంగా బయటపడతాయి. నీరు చేరిన మద్యసారం జింకు, అల్యూమినియం పోత భాగాలను తిని తెల్లని పొడి వంటి తుప్పు మిగుల్చుతుంది. ఆ పొడి జెట్ రంధ్రాన్ని మూసేస్తుంది. పాత రకపు రబ్బరు వాచర్లు మొదట ఉబ్బి, ఇంధనం ఎండాక బిరుసెక్కి పగులుతాయి. పలచని డయాఫ్రంతో పనిచేసే రంపం మిషన్ కార్బొరేటరు ముందుగా మొరాయించేది ఇందుకే. ఫ్లోరిన్ కలిపిన రబ్బరు ఈ ద్రవాన్ని బాగా తట్టుకుంటుంది. మన దేశంలో 2023 ఏప్రిల్ నుంచి కొత్త వాహనాల్లో 20 శాతం మిశ్రమానికి తాళే పదార్థాలు వాడుతున్నారు, అంతకు ముందరి బండ్లకు ఆ మార్పు పైపు, వాచరు మార్చినప్పుడే వస్తుంది. ట్యాంకు గోడలకు ఏళ్ల తరబడి పట్టిన జిగురును మద్యసారం కరిగిస్తుందన్నదీ నిజమే, ఆ శుభ్రత మొదటి కొద్ది నెలలు జెట్‌లో చెత్తగా చేరుతుంది.

అమెరికా అనుభవాన్ని ఇక్కడ చెప్పుకోవాలి. ఆ దేశపు పర్యావరణ సంస్థ 2010–11లో 15 శాతం మిశ్రమాన్ని 2001, ఆ తరువాతి మోడల్ కార్లకు అనుమతించినప్పుడు మోటారు సైకిళ్లను, పడవ ఇంజన్లను, తోట పనిముట్లను స్పష్టంగా మినహాయించి, బంకుల్లో హెచ్చరిక చీటీ అతికించమంది. అంతకు ముందే జాతీయ ప్రయోగశాలలు చిన్న ఇంజన్లపై జరిపిన పరీక్షల్లో 15, 20 శాతం మిశ్రమాలతో ఎగ్జాస్టు వేడి పెరిగింది. కొన్ని గడ్డి కోత యంత్రాల్లో ఐడిలింగ్ వేగం పెరిగి, తిరగకూడని సమయంలో క్లచ్ పట్టుకుని బ్లేడు తిరిగింది. జీడి తోటలో, కాఫీ తోటలో బ్రష్ కట్టరు పట్టుకున్న కూలీ కాలికి ఇది సంబంధించిన విషయం. ఆ దేశంలో చిన్న ఇంజను గల వ్యక్తికి వేరే పంపు, వేరే చీటీ ఉన్నాయి. ఇక్కడ బంకు గొట్టం ఒక్కటే, అందులో వచ్చేది ఒక్కటే. ఇథనాల్ వల్ల దిగుమతి చమురు ఖర్చు తగ్గుతుందన్న వాదన, ఆక్టేన్ పెరుగుతుందన్న మాట, కార్బన్ మోనాక్సైడు తగ్గుతుందన్న మాట మూడూ కాదనలేనివి. ఆ మేలు కోసం కోల్పోయేది ఎవరో, వారికి ముందుగా చెప్పవలసినది ఏమిటో కూడా అదే విధానంలో భాగం కావాలి.

చిన్న సీసాల్లో అమ్మే ఇంధన సంకలనాలు ఈ ఖాళీని కొంతవరకే పూరిస్తాయి. వాటిలో ఇంధనం జిగురుకట్టకుండా ఆపే యాంటీఆక్సిడెంట్లు, లోహంపై పలచని పొరగా పట్టి తుప్పును అడ్డుకునే పదార్థాలు, జెట్ శుభ్రపరిచే డిటర్జెంట్లు ఉంటాయి. తాజా పెట్రోలులో మొదటి రోజే కలిపితే నిల్వకాలం పెరుగుతుంది. ఒకసారి విడిపోయిన పొరలను మళ్లీ నమ్మదగినంతగా కలిపే సీసా ఏదీ లేదు. అటువంటి పెట్రోలును పారబోయడమే మార్గం. నెల రోజులకు సరిపడా మాత్రమే కొనడం, బిగువైన మూత గల డబ్బాలో ఉంచడం, పని కాలం ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి ఇంజను తనంత తాను ఆగిపోయేదాకా నడిపి కార్బొరేటరును ఎండగట్టడం ఏ సంకలనం కంటే ఎక్కువ ఫలితం ఇస్తాయి.

కొన్న పెట్రోలులో ఏముందో తెలుసుకోవడానికి ప్రయోగశాల కూడా అక్కరలేదు. గీతలు గల నిటారైన గాజు గొట్టంలో 100 మిల్లీలీటర్ల పెట్రోలు, 20 మిల్లీలీటర్ల నీరు పోసి, మూత బిగించి బాగా కుదిపి, మంటకు దూరంగా పది నిమిషాలు కదలకుండా ఉంచాలి. పెట్రోలులో మద్యసారం లేకపోతే అడుగున నీరు 20 గీత దగ్గరే నిలుస్తుంది. 20 శాతం ఉంటే అది పెట్రోలును వదిలి నీటిలోకి దిగి, అడుగు పొర 40 గీత దగ్గరకు పెరుగుతుంది.